ముప్పై కిలోలు ఎక్కువ

మేడ్చల్

ఉదయం ఆరూ నలభైకి మేడ్చల్ బస్టాండు ఎదురుగా చాయ్ బండి నడిపే ఆమె నా గ్లాసులో రెండో చెంచా చక్కెర వేసింది. ఒకటి చాలని ముందే చెప్పాను.

"ఏసిన గద అక్కా, ఇగ తాగుండ్రి. పొద్దుగాల తియ్యగ తాగితే దినమంత మంచిగుంటది."

తాగాను. పన్నెండు రూపాయలు. ఏలూరులో మా వీధి చివర పదే, గ్లాసు కూడా పెద్దది. కానీ ఇక్కడి టీ చిక్కన, అది ఒప్పుకోవాలి. ఎక్కడికి వెళ్ళాలని అడిగింది. గౌడవెల్లి అన్నాను. చుట్టాలున్నారా అంది. లేరన్నాను. నా ముఖం చూసి ఇంకేమీ అడగలేదు. ఒక ఉస్మానియా బిస్కట్టు కాగితంలో పెట్టి చేతికిచ్చింది, దానికి డబ్బు తీసుకోలేదు. అయిదు రోజుల్లో నేను చూసిన మర్యాదల్లో అది మొదటిది. ఎక్కువ చూడలేదు.

ఊళ్ళు చూడడానికి వెళ్ళినవాళ్ళు రాసే పుస్తకాలు నేను చాలా చదివాను. ముప్పై రెండేళ్ళు గ్రంథాలయంలో పనిచేశాను, వాటికి అట్టలు వేయించింది నేనే. నేను వెళ్ళింది ఊరు చూడడానికి కాదు. మా తమ్ముడు మురళి మాఘమాసంలో గుండ్లపోచంపల్లి పక్కన ఒక రంగుల ఫ్యాక్టరీలో చనిపోయాడు. అద్దకానికి వాడే రంగుల పొడి తయారుచేసే చోటు అది. తొట్ల మీదుగా నడవడానికి వేసిన ప్లాట్‌ఫారం విరిగింది. ఎనిమిది అడుగుల ఎత్తు నుంచి పడ్డాడు, తల తొట్టి అంచుకు తగిలింది. ఆ ప్లాట్‌ఫారం ఇనుముది కాదు, గాజు నారను రెసిన్ జిగురులో ముంచి పోతపోసింది. అక్కడివాళ్ళు ఫైబర్ అంటారు. ఆవిరికీ ఆమ్లానికీ ఇనుము తుప్పు పడుతుంది కాబట్టి ఫైబర్ వేస్తారు. అది ఎంత బరువు మోయగలదో లెక్క కట్టి ఇచ్చింది మురళే.

ఆషాఢంలో ఫ్యాక్టరీ నుంచి ఉత్తరం వచ్చింది. ప్లాట్‌ఫారం పరిమితి ఐదు వందల కిలోలు. ఆ రోజు దాని మీద తాత్కాలికంగా ఉంచిన పొడి బస్తాలు పదహారు, ఒక్కోటి ఇరవై అయిదు కిలోలు, మొత్తం నాలుగు వందలు. మురళి డెబ్బై రెండు. అతనితో ఎక్కిన ఫిట్టరు యాభై ఎనిమిది. మొత్తం అయిదు వందల ముప్పై. 'పరిమితిని స్వయంగా నిర్ణయించిన వ్యక్తే ముప్పై కిలోల మేర దానిని ఉల్లంఘించినందున' అని ఒక వాక్యం. ఆ వాక్యాన్ని నేను ఒప్పుకుంటున్నానో లేదో సోమవారం విచారణాధికారి ముందు చెప్పాలి. మురళికి భార్యాపిల్లలు లేరు. చెప్పాల్సింది నేనే.

నేను దిగింది గురువారం.

గౌడవెల్లి

ఆ ఫిట్టరు పేరు యాదగిరి. గౌడవెల్లిలో ఉంటాడు. ఆ ఊళ్ళో ఇంకా పొలాలున్నాయి, మక్క చేలు, మా మొక్కజొన్నే, మోకాలెత్తు ఉన్నాయి. కానీ తెల్లవారగానే బైకుల మీద ఊరు ఊరంతా ఫ్యాక్టరీలకు పోతుంది. ప్రతి రెండో చేను గట్టున ప్లాట్లు అమ్మబడును అనే బోర్డు. మా వైపు చేను అమ్మినవాళ్ళు ఆ దారిన పోవడం మానేస్తారు. ఇక్కడ అమ్మినాయనే కుర్చీ వేసుకుని బోర్డు కింద కూర్చున్నాడు. నాకూ ఒక కాగితం ఇచ్చాడు.

వాన పడి సందు బురదగా ఉంది. నా చెప్పు తెగింది. ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి బురదతో యాదగిరి ఇంటికి చేరాను. వాళ్ళమ్మ నన్ను చూసి ముందు నా కాలు చూసింది.

"అయ్యో, గట్లనే వచ్చినవా బిడ్డా? ఆగు, నీళ్ళు పోస్త." పోసింది. తరవాత తన చెప్పులు నా ముందు పెట్టింది. "ఏస్కో. నేను ఏడికి పోత, ఇంట్లనే ఉంట."

యాదగిరి మంచం మీద ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. కుడికాలిలో రాడ్లు వేశారు. నేను మురళి అక్కనని చెప్పగానే లేవబోయాడు, కుదరలేదు. నేను వద్దనలేదు. అప్పటికి అతని మీద కూడా నాకు కోపంగానే ఉంది. అతను బతికున్నాడు కాబట్టి.

అన్నం వేళ అయింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, వేడివేడిగా సర్వపిండి పెట్టారు. బియ్యప్పిండిలో పల్లీలూ నువ్వులూ కలిపి గిన్నెకే అద్ది కాలుస్తారు దాన్ని. మా వైపు పచ్చిపులుసు చేస్తే ఇంట్లో కూర లేదని అర్థం. వీళ్ళు చుట్టం వస్తే చేస్తారు. తిన్న తరవాత అడిగాను.

"ఆ రోజు ఏం జరిగింది?"

"ప్లాట్‌ఫారం ఊగుతాందని మేమే జెప్పినమక్కా. మూడు దినాలు జెప్పినంక సార్‌ను పిలిచిర్రు. సార్ వచ్చి సూసిండు. ముందుగాల బస్తాలు దింపుండ్రి అన్నడు. సూపర్‌వైజర్ సరే అన్నడు. గంతల సార్ మల్ల ఆగుండ్రి అన్నడు. బస్తాలున్నప్పుడు ఒక కొలత, దించినంక ఒక కొలత తీస్తా అన్నడు. ఎంత ఒంగిందో కొలవనీకి దారం తీసి ఒక కొస నాకిచ్చిండు."

"ప్రమాదమని తెలిసీ ఎక్కాడా?"

"నాకేం తెల్సక్కా? సార్ ఎక్కిండని నేనెక్కిన."

తెలిసే ఎక్కాడు. యాభై మూడేళ్ళ మనిషి, అది ఎలా విరుగుతుందో అందరికంటే బాగా తెలిసినవాడు. అయిదు నిమిషాలు ఆగలేకపోయాడు. ఈ కోపం ఎవరి మీద చూపించాలో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఆ బస్తాలు ఎప్పటి నుంచి ఉన్నాయి?"

"ఎప్పటికెల్లో ఉంటయి. నేను చేరి రెండేండ్లు. గప్పటికే ఉన్నయి."

"ఆ రోజే పెట్టారని ఉత్తరంలో రాశారు. సోమవారం వచ్చి ఈ మాట చెప్తావా?"

అతను గోడ వైపు చూశాడు. జవాబు వాళ్ళమ్మ ఇచ్చింది. "వాడు జెప్తే దవాఖాన బిల్లు ఎవరు గడ్తరు బిడ్డా? ఇప్పుడైతే కంపెనీ గడ్తాంది. ఇంకొక ఆపరేషన్ ఉన్నది."

నేను లేచాను. "మీ చెప్పులు పంపిస్తాను" అన్నాను. "ఎందుకు, ఉంచుకో" అంది. అక్కడ కోప్పడడానికి కూడా వీల్లేకుండా చేశారు. ఆటోలో కూర్చున్నాక కోప్పడ్డాను, ఎవరూ వినలేదు.

శామీర్‌పేట మీదుగా

మర్నాడు శుక్రవారం శామీర్‌పేట మీదుగా వెళ్ళాను. ఆటోలో నాతో పాటు ఇద్దరు ఆడవాళ్ళు చర్చికి పోతున్నారు, ఒళ్ళో మల్లెపూల పొట్లాలు. ఏలూరులో మా వీధి క్రైస్తవులు పూలు పెట్టుకోరని చెప్పాను. ఒకామె నవ్వింది. "మా పాస్టరమ్మ పెట్టుకుంటది, మేం పెట్టుకుంటం. మీ దిక్కు అంత గట్టిగుంటరా?" రెండో ఆమె, "ఆంధ్రోళ్ళు అన్నిట్ల గట్టిగుంటరు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నాకే ఆశ్చర్యమేసింది.

చెరువు దగ్గర ఆటో ఆగింది. కాల్చిన మక్కకంకి ముప్పై రూపాయలు. ఉప్పూ కారం నిమ్మచెక్కతో రుద్ది ఇస్తారు. చెరువు చూశాను. నీళ్ళున్నాయి, నలుగురు ఫొటోలు తీసుకుంటున్నారు. అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

అలియాబాద్

మురళి పనిచేసిన షెడ్డు, ఫైబర్ బలాన్ని పరీక్షించే చోటు, అలియాబాద్ ఊరి బయట ఉంది. రేకుల కప్పు. నేను అక్కడికి ఎప్పుడూ వెళ్ళలేదు. పదిహేనేళ్ళలో అతను నాలుగైదుసార్లు రమ్మన్నాడు. గ్రంథాలయంలో పుస్తకాల లెక్క సరిచూసే సమయమనో, ఎండలనో చెప్పాను.

లోపల ఇనుప చట్రానికి పన్నెండు పట్టీలు అడ్డంగా బిగించి ఉన్నాయి. ఒక్కోటి అడుగు పొడవు, స్కేలు బద్ద అంత వెడల్పు, తేనె రంగు. ప్రతి దాని మధ్య నుంచి ఒక బరువు వేలాడుతోంది. శబ్దం లేదు, కదలిక లేదు. అంతకంటే తక్కువ జరిగే చోటు నేను చూడలేదు.

అక్కడ ఉన్న మనిషి సాల్మన్. మురళి దగ్గర పన్నెండేళ్ళు పనిచేశాడు. రోజూ ఉదయం తొమ్మిదింటికి పన్నెండు పట్టీలూ ఎంత వంగాయో చూసి పుస్తకంలో రాయడం అతని పని.

"సార్ పోయిన దినం గూడ రాసిన అమ్మా" అన్నాడు. "ఫోన్ వచ్చింది తొమ్మిదీ పదికి. గప్పటికే రాసేసిన. తెల్లారి రాయబుద్ధి కాలే. గని ఒక్క దినం తప్పితే సార్ మస్తు తిడ్తుండె. రాసిన."

నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను. అతను పట్టీని వేలితో తట్టాడు.

"దీంట్ల గాజు నార గట్టిది, జిగురు మెత్తది. బరువు పెట్టంగనే ఇంత ఒంగుతది. గది అందరు సూస్తరు. బరువు తియ్యకుంట గట్లనే ఉంచితే రోజుకింత ఒంగుతనే ఉంటది. బరువేమో పెరగది, ఒంగుడు పెరుగుతది. గది ఎవ్వరు సూడరు. వేడి తగిలితే ఇంక జల్దీ ఒంగుతది."

అది నాకు తెలుసు. మా గ్రంథాలయంలో వార్తాపత్రికల బైండు సంపుటాలు పెట్టే చెక్క బల్లలు ఇలాగే వంగుతాయి. ఏటా వేసవిలో సంపుటాలన్నీ దించి, బల్లను తిరగేసి మళ్ళీ వేయించేదాన్ని. మురళి అప్పుడు డిగ్రీ చదివేవాడు, సంపుటాలు దించడానికి వచ్చేవాడు. "పుస్తకాలు పెరగలేదు కదా, బల్ల ఎందుకు వంగింది?" అని అడిగాడు ఒకసారి. దుమ్ము దులపమన్నాను.

ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే అతను చేసిన ఉద్యోగం. పట్టీలను రకరకాల వేడిలో కొన్ని నెలలు వేలాడదీసి, వాటి కొలతల నుంచి పదేళ్ళ తరవాత ఎంత వంగుతాయో చెప్పే సమీకరణం తయారుచేశాడు. ఎక్కువ వేడిలో ఒక నెల మామూలు వేడిలో ఏళ్ళకు సమానమవుతుంది, దాన్ని బట్టి. సాల్మన్ ఒక గీత చూపించాడు. మొదట్లో వేగంగా దిగుతుంది. తరవాత చాలాకాలం నెమ్మదిగా, దాదాపు సమంగా పోతుంది. చివర మళ్ళీ వేగం అందుకుంటుంది, తరవాత గీత లేదు.

"గీడ ఇరుగుతదన్నట్టు" అన్నాడు సాల్మన్.

మురళి తన పుస్తకంలో మొదటి రెండు భాగాలూ సమీకరణానికి సరిపోతున్నాయని రాసుకున్నాడు. మూడోది ఎప్పుడు మొదలవుతుందో ఇంకా సరిగ్గా చెప్పలేకపోతున్నానని కూడా రాసుకున్నాడు, తేదీ వేసి. అతను బస్తాలు దించకముందే ఎందుకు ఎక్కాడో అప్పుడు తెలిసింది. ఆ ప్లాట్‌ఫారం మూడో భాగంలో ఉందేమో చూడడానికి ఎక్కాడు. ఆ పుస్తకాన్ని విసిరి కొట్టాలనిపించింది. సాల్మన్ ఉన్నాడని ఆగాను.

ఫ్యాక్టరీకి మురళి ఇచ్చిన నివేదిక నకలు కూడా ఉంది. అందులో అంకెలు మూడు. అయిదు వందల కిలోలు. ఒక రోజుకు మించి అదే చోట బరువు నిలిపి ఉంచరాదు. వేడి నలభై డిగ్రీలు దాటరాదు. కింద ఫ్యాక్టరీవాళ్ళు ముట్టినట్టు పెట్టిన సంతకం.

"ఇది చాలదా?" అన్నాను.

"చాలదమ్మా. బస్తాలు గా దినమే పెట్టినం అంటున్నరు గద. ఒక్క దినమంటే సార్ రాసినట్టే అయితది. ముప్పై కిలోలు ఎక్కువైనయని పట్టుకుంటరు. గవి ఏండ్ల తరబడి ఉన్నయని సూపియ్యాలె. ఎవరు సూపిస్తరు?"

కాబట్టి విషయం ఇదీ. బస్తాలు అక్కడ ఒక రోజు ఉంటే తప్పు మా తమ్ముడిది. ఏళ్ళ తరబడి ఉంటే వాళ్ళది. నా దగ్గర రెండు రోజులున్నాయి.

గుండ్లపోచంపల్లి

శనివారం ఫ్యాక్టరీకి వెళ్ళాను. మురళి సంచీ, టోపీ తీసుకెళ్ళమని వాళ్ళే రాశారు. ఆ దారంతా గోదాములూ, వాటి వెనక కొత్త అపార్టుమెంట్లూ. లారీలు తిరగడానికి వేసిన రోడ్డు మీద జనం పాల పాకెట్లు పట్టుకుని నడుస్తున్నారు.

గేటు లోపల పచ్చ బోర్డు మీద ప్లాట్‌ఫారం పరిమితి ఐదు వందల కిలోలని ఉంది. మేనేజరు కుర్చీ వేయించి, మురళి సంచీ, టోపీ చేతికిచ్చి, నిమ్మరసం తెప్పించాడు. నలభై ఏళ్ళవాడు, మర్యాదస్తుడు.

"మీ తమ్ముడు మస్తు మంచోడు మేడం. మేం గూడ పరేషాన్‌లనే ఉన్నం. గని రూల్ రూలే గద. ఐదు వందలంటే ఐదు వందలే."

"మీ బోర్డు మీద ఐదు వందలే ఉంది. నివేదికలో ఇంకో రెండు అంకెలున్నాయి. అవి బోర్డు మీద ఎందుకు రాయించలేదు?"

"గవన్ని రాస్తే లేబర్ చదువుతరా మేడం?"

ఫోను మోగితే బయటికి వెళ్ళాడు. నేను నిమ్మరసం అక్కడే వదిలేసి తొట్లు ఉన్న వైపు నడిచాను. ఎవరూ ఆపలేదు. అరవై ఏళ్ళ ఆడమనిషి చెప్పులు ఈడ్చుకుంటూ వస్తుంటే ఎవరో ఒకరి తల్లి అనుకుంటారు.

పొడవాటి గోడ. దానికి ఆనుకుని ఆ చివరా ఈ చివరా సిమెంటు స్తంభాలు, పైన ఖాళీ. ప్లాట్‌ఫారం అక్కడ ఉండేది, ఒక తొట్టి నుంచి ఇంకో తొట్టికి. గోడ మధ్యలో ప్యాకింగ్ గది తలుపు. పక్కనే ఆవిరి పైపు. చెయ్యి దగ్గరికి పోనివ్వలేదు, అంత వేడి. ఆ తలుపు ముందు ఒకామె పీట మీద కూర్చుని సంచుల మూతులు కుడుతోంది. చేతులు మోచేతుల దాకా నీలంగా ఉన్నాయి.

"ఎవరమ్మా నువ్వు? గాడ నిలబడకు, సారు తిడ్తడు."

చెప్పాను. సూది ఆపింది. ఆమె పేరు ఎల్లమ్మ. ఈ ఫ్యాక్టరీ పెట్టినప్పటి నుంచీ ప్యాకింగ్‌లో ఉంది. మురళి పడినప్పుడు ముందుగా వచ్చి తల ఒళ్ళో పెట్టుకున్నది ఆమేనట. అది చెప్పి, నేను ఏమీ అడగకముందే, "నొప్పి తెల్వలేదమ్మా ఆయనకు" అంది. అబద్ధమో నిజమో నాకు తెలియదు.

నేను తలుపు పైన గోడ చూస్తున్నాను. తలుపుకు రెండు పక్కలా, ఒకదాని కింద ఒకటిగా, గోడకు చిన్న చిన్న రంధ్రాలున్నాయి.

"అవేంటి?"

"గవ్వా? నా మొలలు." మేకును అక్కడ మొల అంటారు. "దసరకు ఆయుధపూజ జేస్తం గద. తలుపుకు తోరణం నేనే కడ్త. మామిడాకులు, బంతిపూలు."

"ఇన్ని రంధ్రాలెందుకు?"

"ఏంజేయాలె మరి? కట్టినప్పుడు తోరణానికి, పైన ప్లాట్‌ఫారానికి నడుమ నా నాలుగు వేళ్ళ సందు ఉండాలె." చెయ్యి అడ్డంగా పెట్టి చూపించింది. "గట్లయితేనే పూలు నలగవు. మొదాలు కొత్త ప్లాట్‌ఫారం వేసిన్నాడు గట్లనే కొట్టిన. మరుసటేడు గదే మొలకు కడ్తే పూలు పైన నలుగుతున్నయి. మొల పీకి కిందికి కొట్టిన. మల్ల ఏడు గదే లొల్లి. ఏటేటా కిందికి కొట్టుడే. గోడ ఖరాబు జేస్తున్నవని సూపర్‌వైజర్ తిట్టిండు. నా పూలు నలిగితే నువ్వు కొంటవా అన్న."

నేను మురళి సంచీలోంచి స్టీలు స్కేలు తీశాను. పీట అడిగాను. ఎల్లమ్మ లేచి ఇచ్చి, నా చీర చెంగు పట్టుకుంది పడతానేమోనని. అయిదు రంధ్రాలు, అయిదు దసరాలు. మొదటి దానికీ రెండో దానికీ మధ్య ఇరవై రెండు మిల్లీమీటర్లు. తరవాత తొమ్మిది. తరవాత ఎనిమిది. చివరి దానికి నలభై ఒకటి.

మళ్ళీ కొలిచాను. రెండో పక్క కూడా కొలిచాను. వేగంగా, నెమ్మదిగా, నెమ్మదిగా, వేగంగా. సాల్మన్ చూపించిన గీతే. ఖాళీ ప్లాట్‌ఫారం అలా వంగదు. మనుషులు నడిచి వెళ్ళిపోయే ప్లాట్‌ఫారం అలా వంగదు. ప్రతి ఏడూ ఒకే చేతి నాలుగు వేళ్ళతో కొలిచి గుర్తు పెట్టింది ఈమె. మా తమ్ముడు చూడాలని ప్రాణం పోగొట్టుకున్న కొలత ఈ తలుపు పైన ఉంది. అతను పైనుంచి దారం పట్టుకున్నాడు, కింద గోడ చూడలేదు.

"బస్తాలు ఎప్పటి నుంచి ఉండేవి?"

"మొదటికెల్లి. లోపట తేమకు పొడి గడ్డకడ్తది. పైన ఆవిరి పైపు కాడ పొడిగుంటది. గందుకే ఆడ పెడ్తరు. తీసినకొద్ది కొత్తయి పెడ్తరు. ఎన్నడు ఖాళీ లేదు."

అప్పుడు నేను ఆమె మీద అరిచాను. నాలుగేళ్ళు మీ కళ్ళ ముందే అది దిగుతూ వచ్చింది, పువ్వులు నలుగుతున్నాయని మేకు కిందికి కొట్టుకున్నారు గానీ పైన ఏమవుతోందని ఒక్కసారి తలెత్తి చూడలేదా అన్నాను. నా గొంతు అంత పెద్దదని నాకు తెలియదు.

ఎల్లమ్మ నా చెంగు వదలలేదు. "నాకు మొల ఏడ కొట్టొద్దో జెప్పేటోళ్ళు నలుగురున్నరు. పైన సూడుమని జెప్పినోడు ఒక్కడు లేడు. గోడ కుంగుతుందేమో అనుకున్న. ఇంజనీర్లు కట్టింది కుంగుతదని నాకేమెరుక? నువ్వే జెప్పు."

 దిగి ఫోనుతో ఫొటోలు తీశాను, స్కేలు ఆనించి.

"సోమవారం ఆఫీసరు వచ్చినప్పుడు ఈ మాట చెప్తావా?"

"జెప్త. గోడ ఖరాబు చేసినవని నన్ను తిట్టిర్రు గద. ఎందుకు చేసిన్నో జెప్త."

సోమవారం

విచారణాధికారి ఫ్యాక్టరీకే వచ్చాడు. తొట్ల దగ్గరికి వెళ్ళేసరికి గోడ తెల్లగా ఉంది. ఆదివారం రంగు వేయించారు. శనివారం నేను పీట ఎక్కడం ఎవరో చూసి ఉంటారు. రంధ్రాలు లేవు.

నా ఫొటోలు చూపించాను. మేనేజరు కూడా చూశాడు. "గోడకు పొక్కలుంటయి సార్. ఏ గోడకు లేవు? గివి గీ గోడవే అని ఏంది గ్యారంటీ?"

నేను మాట్లాడుతూనే ఉన్నాను. మురళి నివేదిక, మూడు అంకెలు, గీతలో మూడు భాగాలు. అధికారి వింటున్నాడు, రాయడం లేదు. చదువుకున్న మనిషి కోపంగా మాట్లాడితే దుఃఖంలో ఉంది పాపం అనుకుంటారని ఆ రోజు నేర్చుకున్నాను.

ఎల్లమ్మ గది లోపలి నుంచి వచ్చింది. ఎవర్నీ అడగలేదు. చెవికి దగ్గర జడలో దోపుకున్న సంచులు కుట్టే సూది తీసి, పీట ఎక్కి, తెల్ల గోడ మీద ఒక చోట గుచ్చింది. లప్పం ఇంకా తడిగానే ఉంది. ముద్దగా ఊడి కింద పడింది. దాని కింద ఇంకోటి. అయిదూ తెరిచింది. తరవాత రెండో పక్కకు జరిగింది.

"ఏయ్ ఎల్లమ్మా, దిగు" అన్నాడు మేనేజరు.

"దిగుత సారూ. నా మొలలు నాకెరుక. మీరేమో లేబర్ చదువదన్నరట. ఆరో తరగతి దాక చదివిన. ఐదు దాక లెక్కవెట్టొస్తది."

అధికారి నవ్వలేదు. నా స్కేలు అడిగి తీసుకున్నాడు. తనే పీట ఎక్కి కొలిచాడు. ఇరవై రెండు, తొమ్మిది, ఎనిమిది, నలభై ఒకటి. మేనేజరు వైపు తిరిగి ఒకే మాట అడిగాడు: "నిన్న రంగు ఎందుకేయించారు?"

మేనేజరు దసరా వస్తోందన్నాడు. దసరాకు ఇంకా రెండున్నర నెలలుంది.

ఎల్లమ్మ చెప్పినదంతా అధికారి రాసుకుని, చదివి వినిపించాడు. ఆమె సంతకం పెట్టింది, తీరిగ్గా, ఒక్కో అక్షరం.

ఏలూరు

వచ్చాక సాల్మన్ ఫోన్ చేశాడు. షెడ్డు నడిపేవాళ్ళు దాన్ని ఖాళీ చేస్తున్నారట. ఇప్పుడు అంతా కంప్యూటర్‌లోనే లెక్క కడతారని చెప్పారట. కంప్యూటర్‌లో పెట్టే అంకెలు ఆ పట్టీల నుంచే వచ్చాయని అతను వాళ్ళతో అన్నాడట. ఉన్న అంకెలు చాలన్నారట. నాలుగేళ్ళుగా వేలాడుతున్న ఏడో పట్టీని అతను ఇంటికి తీసుకెళ్ళి కిటికీ ఊచకు కట్టాడు.

భాద్రపదంలో నివేదిక వచ్చింది. బస్తాలు స్థాపన నాటి నుంచీ నిల్వ ఉంచబడినవని, కాలమూ వేడీ కారణమని, ముప్పై కిలోల వాక్యం తొలగించబడినదని అందులో ఉంది. మా తమ్ముడి పేరు పక్కన ఇప్పుడు తప్పు లేదు. ఫ్యాక్టరీకి ఒక హెచ్చరిక. ఆ కాగితం చదివి నేను శాంతించానని బంధువులు అనుకున్నారు. ఎవరు శాంతిస్తారు? ఒక మనిషి చనిపోయిన చోట హెచ్చరిక అనే మాట రాయడానికి ఆ కలం ఎలా కదిలిందో నాకు అర్థం కాదు.

దసరా మర్నాడు ఎల్లమ్మ ఫోన్ చేసింది. పనిలోనే ఉందట, కాకపోతే వేరే షెడ్డులో.

"కొత్త ప్లాట్‌ఫారం ఏసిర్రక్కా. గదే ఫైబర్."

"బస్తాలు?"

"కింద పెట్టిర్రు నెల దినాలు. ఇగ మల్ల పైకెక్కినయి."

"బోర్డు?"

"గదే పచ్చ బోర్డు. ఐదు వందలు."

మరి వాళ్ళు మార్చిందేమిటని అడిగాను. నోటీసు అంటించారంది. చదివి వినిపించమన్నాను. ఆరో తరగతి చదువుతో కూడబలుక్కుని చదివింది: గోడలకు, తలుపులకు మేకులు కొట్టరాదు. కొట్టినవారిపై చర్య తీసుకోబడును.

అధికారికి రాశాను. జవాబు రాలేదు, మళ్ళీ రాశాను. ఎల్లమ్మ ఈసారి పూలు కొనలేదట. ఆ ఫ్యాక్టరీలో ఇప్పుడు ఏ తలుపుకూ తోరణం కట్టడం లేదు.